గట్టు లేని గీత

ఆ పొద్దున ఆకాశం ముఖం మాడ్చుకుని కూర్చుంది. మబ్బు కమ్మిందే గాని వాన ఊసు లేదు. గాలిని ఎవరో గుంజకు కట్టేసినట్టు ఆకు కదలడం లేదు. వంటింటి కిటికీ దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ గీతలమ్మకు ఆ మబ్బును చూస్తే విసుగొచ్చింది. కురిస్తే కురవాలి, లేదా పోవాలి, ఈ నాన్చుడేమిటి అనుకుంది.

వెనక భోజనాల బల్ల దగ్గర వదిన అన్నకు బొమ్మల అట్టలు చూపిస్తోంది. మొదట దువ్వెన. అన్న దాన్ని చూసి పెదవులు కూడదీసుకున్నాడు. మెడ మీద నరం ఉబ్బింది.

"అదే," అన్నాడు.

వదిన ఇంకో అట్ట తీసింది. తాళంచెవి. దానికీ అదే. నిచ్చెన. దానికీ అదే. చివరికి తనకే నవ్వొచ్చి, చేత్తో జుట్టు దువ్వుకున్నట్టు చేసి చూపించాడు, మొదటి బొమ్మ ఏమిటో తనకు తెలుసునని. తెలుసు. వింటాడు, అర్థం చేసుకుంటాడు, ఎవరైనా జోకేస్తే అందరికంటే ముందు నవ్వుతాడు. మాట మాత్రం గొంతు దాకా వచ్చి, దారి కానరాక వెనక్కి పోతుంది.

అతను కూరగాయల మార్కెట్లో వేలం పాడేవాడు. పాటగాడంటే మార్కెట్టంతటికీ అతనొక్కడే. చెక్కపెట్టె ఎక్కి నిలబడి గుక్క తిప్పుకోకుండా ధరలు పాడుతూ, గుంపులో ఎవడు కనుబొమ్మ ఎగరేశాడో, ఎవడు చెవి గోక్కున్నాడో కనిపెట్టి, వంగి పక్క పెట్టె మీద వేలి కణుపుతో ఒకటోసారి, రెండోసారి అని కొట్టేవాడు. మూడో దెబ్బ పడిందంటే సరుకు పాడుకున్నవాడిది. ఇక ఎవరు దిగొచ్చినా బేరం లేదు. మూడోది పడేదాకా మాత్రం ఎవరైనా నోరు తెరవొచ్చు.

"ఇవాళేగా స్కానింగు," అంది వదిన అట్టలు దొంతరగా పేర్చుతూ.

"ఇవాళే."

"ఆ సర్జనుగాడి కత్తి ఎంత దూరం పోయిందో దాంట్లో కనపడుతుందన్నావు."

"కనపడుతుంది వదినా."

"అయితే గురువారం నలుగురిలో పెట్టు. మా ఆయన నోట్లో మాట తీశాడు. వాడికీ నోట మాట రాకూడదు."

గొంతు పెంచకుండా, అట్టల అంచులు సరిచేస్తూ అంది. అన్న ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "అదే," అన్నాడు. ఏ అదేనో ఎవరికీ తెలియలేదు.

*

ఆసుపత్రిలో ఆమెకు గీతలమ్మ అన్న పేరు ఎవరు పెట్టారో గాని, పని చూసే పెట్టారు. మెదడుకు పైన బూడిదరంగు తొక్క ఉంటుంది, లోపలంతా తెల్లటి పీచు. కబురు ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఆ పీచు పోగుల వెంటే నడుస్తుంది. పోగు వెంబడి తడి సులువుగా జారుతుంది, అడ్డంగా జారదు, నాగటి చాలు వెంట నీళ్లు పారినట్టు. స్కానింగు యంత్రం ఆ తడి ఎటు జారుతోందో కనిపెడుతుంది. దాన్నిబట్టి కంప్యూటరు పోగులు అల్లుతుంది. ముందువెనకలుగా పోయేవి ఆకుపచ్చ, అడ్డంగా పోయేవి ఎరుపు, కిందామీదా పోయేవి నీలం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని, పోగులు ఒకదాన్నొకటి దాటే చోట కంప్యూటరుకు బుర్ర పనిచెయ్యదు. కూడలిలో కొత్త మనిషిలా ఏ సందు దొరికితే ఆ సందులో దూరుతుంది. అక్కడ మనిషి కూర్చుని అబద్ధపు పోగులు ఏరిపారేసి, నిజమైన కట్ట చుట్టూ గీత గీయాలి. సర్జను ఆ గీతను చూసుకునే కత్తి నడుపుతాడు.

అన్న తలలో గడ్డ మాట దారిని ఆనుకుని పెరిగింది. వినే చోటునూ పలికే చోటునూ కలుపుతూ విల్లులా వంగి పోయే దారి అది. మనిషిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ కోసే పద్ధతి ఒకటుంది. అన్న దానికి ససేమిరా అన్నాడు. మత్తు లేకుండా తల తెరవడమంటే అతనికి హడలు. అందుకని గీతే దిక్కయింది. ఆ గీత గీసింది చెల్లెలే. సొంతవాళ్లకు గీయొద్దని తోటివాళ్లు చెప్పినా వినలేదు.

గడ్డ పోయింది. మాటా పోయింది. మర్నాడు, ఆపరేషన్ చేసిన పెద్ద సర్జను వార్డులో అందరి ముందూ ఒక్క ముక్క అన్నాడు. "గీత తప్పు. గీతను నమ్ముకుని వెళ్లాం." ఆ వారమే ఆమెను పై అంతస్తు నుంచి నేలమాళిగకు పంపారు, పాత స్కాన్లు కొత్త యంత్రంలోకి ఎక్కించే పనికి. ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు.

స్కానింగు నడిపే అతన్ని అందరూ అయస్కాంతం అంటారు. యంత్రం అయస్కాంతం కాబట్టి అలా అంటారని అతను చెబుతాడు. ఎవరి టిఫిను డబ్బా కనబడినా వెళ్లి అతుక్కుంటాడు కాబట్టి అంటారని మిగతావాళ్లు చెబుతారు. ఆ రోజు అన్న రాగానే ఎదురెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"ఉంగరం, వాచీ, బెల్టు, చేసిన పాపాలు, ఇనుము కలిసినవన్నీ ఈ పళ్లెంలో పెట్టాలి పాటగాడుగారూ. తిరిగొచ్చాక పాపాలు మాత్రం లెక్కచూసి ఇస్తాను."

అన్న నవ్వి ఉంగరం తీసి పళ్లెంలో వేశాడు. ఖాళీ గుప్పెట కూడా ఒకటి తీసుకొచ్చి, పళ్లెం మీద విప్పాడు. పాపాలన్నమాట.

యంత్రం టకటకా మొదలుపెట్టింది. అద్దం ఇవతల నిలబడి గీతలమ్మ అన్న పాదాలు చూస్తోంది. కాసేపటికి అతని కుడిచేతి చూపుడువేలు మడతపడి, ఆ టకటకకు తాళంగా పరుపు మీద కొట్టసాగింది. అయస్కాంతం మైకులో, కదలొద్దు సారూ, ఇక్కడ సరుకేం లేదు అన్నాడు. వేలు ఆగింది.

బయటికొస్తుంటే వరండాలో పెద్ద సర్జను ఎదురయ్యాడు. సన్నటి మనిషి, కొంచెం వంగి నడుస్తాడు. ఎప్పుడూ చేతులు అప్పుడే కడుక్కున్నవాడిలా మోచేతుల దగ్గర కాస్త పైకెత్తి పట్టుకుంటాడు. అన్న భుజం మీద చెయ్యి వేసి ఎలా ఉన్నారని అడిగాడు. అన్న "అదే" అన్నాడు. సర్జను తల ఊపాడు. గీతలమ్మ వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. గోళ్లు పచ్చిదాకా కత్తిరించిన ఆ వేళ్లు అన్న చొక్కా మీద ఆనిన చోటును ఆమె చాలాసేపు చూసింది. ఇంటికెళ్లి ఆ చొక్కా నానబెట్టింది.

*

మంగళవారం నేలమాళిగలో కూర్చుని పాత ఫోటో మీద కొత్త ఫోటో పరిచింది. అది తేలికైన పని కాదు. గడ్డ తీసేశాక మెదడు ఆ ఖాళీలోకి కాస్త సర్దుకుంటుంది, నిద్రలో పక్కకు ఒత్తిగిలిన మనిషిలా. కదలని గుర్తులు చూసుకోవాలి. నడిమధ్య నీటిగదుల మూలలు, కళ్ల వెనక ఎముక, చెవి లోపలి నత్తగుల్ల. ఒక్కొక్క గుర్తు మీద చుక్క పెట్టి, కింద ఫోటోలో దాని జోడీ మీద ఇంకో చుక్క పెట్టి, రెండూ కలిసేదాకా జరపాలి. ముక్క తర్వాత ముక్క తిప్పుకుంటూ పోయింది. గది మూల తేమ లాగే యంత్రం ముసలివాడిలా గుర్రుమంటోంది.

రెండు ఫోటోలూ అతికాయి. కత్తి చేసిన గొయ్యి నల్లగా, అంచు నున్నగా ఉంది. తాను గీసిన పసుప్పచ్చ గీతను దాని మీద తెచ్చి పెట్టింది. గొయ్యి అంచు గీతను దాటి లోపలికి వచ్చింది. ఎంతో కాదు, బియ్యపుగింజ వెడల్పు. ఆ గింజ మేర విల్లు తెగి ఉంది.

గీతలమ్మ వెనక్కి వాలి కూర్చుంది. గీత తప్పన్నాడు. గీత ఎక్కడుండాలో అక్కడే ఉంది. దాటింది వాడు. ఇన్నాళ్లూ కడుపులో నివురుగప్పి ఉన్న నిప్పు మీద ఎవరో ఊదినట్టయింది. గురువారం జరగబోయేది కళ్ల ముందు ఆడించుకుంది. నెలకోసారి ఆ పెద్ద హాల్లో చెడిపోయిన ఆపరేషన్ల గురించి మాట్లాడుకుంటారు. ఆసుపత్రి అధికారి ముందు వరసలో కూర్చుంటాడు. ఎవరైనా లేచి ఫోటో పెట్టొచ్చు. తాను లేస్తుంది. ఎక్కువ మాట్లాడదు. ఫోటో పెట్టి పక్కకు తప్పుకుంటుంది. వాడి ముఖం మాత్రం చూస్తుంది, రెప్ప వెయ్యకుండా. ఆ ముఖం ఎలా మారుతుందో రకరకాలుగా ఊహించుకుంది. ప్రతి రకమూ బాగానే ఉంది. ఎన్నాళ్లకో ఆకలి వేసింది. డబ్బాలో ఉన్నదంతా తిని, అంటుకున్నది కూడా వేలితో తుడుచుకుంది.

అయస్కాంతాన్ని కిందికి పిలిచి చూపించింది. అతను మొదట డబ్బా వైపు, తర్వాత తెర వైపు చూశాడు. చూసి ఈల వెయ్యబోయి ఆపుకున్నాడు.

"దాటాడు. సరే. ఎల్లుండి హాల్లో ఏమంటాడో తెలుసా? ఒక్కసారి చెయ్యి జారిందంటాడు. ఒకసారి దాటితే పొరపాటంటారమ్మా. పదిసార్లు దాటితే అలవాటంటారు. పాతవన్నీ మీ చేతిలోనే ఉన్నాయిగా, ఒక్కటే తీస్తారేం?"

ఆ మాట ఆమెకు తేనె పూసినట్టు నచ్చింది.

సాయంత్రం ఇంట్లో వదిన కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని గింజలు వలిచింది. మార్కెట్లో అన్న పెట్టె మీద ఇప్పుడు ఇంకెవరో ఎక్కారట. గొంతు లేదు, చూపు లేదు, వాడి పాటకు కూరలు కూడా వాడిపోతాయి అంది వదిన. అన్న వింటూ గోడకానుకుని నవ్వుతున్నాడు. వదినకు ఏదో గుర్తొచ్చి కత్తిపీట ఆపింది.

"ఆ క్యాబేజీల ముసలాయన గుర్తున్నాడా మీకు?" అని అన్నను అడిగింది. అన్న నుదురు కొట్టుకున్నాడు, గుర్తుందని. వదిన గీతలమ్మకు చెప్పుకొచ్చింది. ఎవరో కొత్తగా సరుకు తెచ్చిన ముసలాయన, మార్కెట్టు సంగతి తెలియదు. అందరూ పెంచి చెబుతారు, కొనేవాళ్లు తగ్గించి అడుగుతారు, ఇద్దరికీ తెలిసిన భాగోతమే. ఈయన ధర్మాత్ముడు, మొదటే గిట్టుబాటు ధర చెప్పి ఊరుకున్నాడు. కొనేవాళ్లు అలవాటు కొద్దీ అందులోనూ కోశారు. పాపం ఏడుస్తూ పోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్న ఒకటే నవ్వట, తర్వాత నవ్వు ఆపి, బేరం ఉన్న చోట నిజం చెప్పదలిస్తే ఇది నిజమని ముందు చెప్పి మరీ చెప్పాలి అన్నాడట.

"అంతంత మాటలు మాట్లాడేవారు," అంది వదిన. ఉల్లిపాయ అందుకుని గట్టిగా నరికింది. "గురువారం నువ్వు వాణ్ని వదలొద్దు."

*

బుధవారం పొద్దున తలుపు దగ్గరగా వేసుకుని పాత పెట్టెలు దించింది. వెతుక్కునే పని లేదు. అన్నీ తాను గీసినవే, ఆయన కోసినవే. మొదటిది ఒక పంతులమ్మది. చుక్కలు పెట్టి, ఫోటోలు కలిపి, గీత తెచ్చి పరిచింది. గొయ్యి గీతను దాటి ఉంది. బియ్యపుగింజంత.

దొరికావు అనుకుంది.

రెండోది బస్సు డ్రైవరుది. అక్కడా దాటాడు. తర్వాత బట్టల కొట్టు ఆవిడ. అక్కడా. ఒక్కొక్కటి బయటపడుతుంటే వేట రుచి మరిగినట్టయి చేతులు వేగం అందుకున్నాయి. కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది. వీడు ఎప్పుడూ గీతను లెక్కచెయ్యలేదు. ఎన్నేళ్లుగా తాను కళ్లు పోగొట్టుకుని గీస్తుంటే, వీడు దాని మీద నుంచే నడిచాడు. ఈ వరసంతా తెర మీద పెడితే ఇక ఆ హాల్లో వాడికి కుర్చీ ఉండదు.

అలా చాలా అయ్యాక ఆమె చెయ్యి మెల్లబడింది. ఎందుకో ఆమెకే వెంటనే తెలియలేదు. తెర మీద ఉన్నదాన్ని, అంతకు ముందుదాన్ని పక్కపక్కన పెట్టింది. ఇంకొకటి తెచ్చి పెట్టింది. ప్రతి చోటా దాటింది అదే మేర. ఎక్కువా లేదు, తక్కువా లేదు. తాగినవాడు గట్టు తప్పితే ఒకసారి జానెడు తప్పుతాడు, ఒకసారి బారెడు తప్పుతాడు. ప్రతిసారీ ఒక్క గింజే తప్పేవాడు తాగి నడుస్తున్నట్టు కాదు.

పంతులమ్మ గుర్తొచ్చింది. ఆపరేషనయ్యాక థ్యాంక్స్ చెప్పడానికి వచ్చి, వరండాలో నిలబెట్టి ఎంతసేపు మాట్లాడిందంటే అయస్కాంతం స్కానింగు ఉందని అబద్ధం చెప్పి పారిపోయాడు. బస్సు డ్రైవరు గేటు దగ్గర కాపలా అతనితో తగువు పడ్డాడు. ఆ డ్రైవరు తిట్లు మూడో అంతస్తుకు వినబడ్డాయి. బట్టల కొట్టు ఆవిడ ఇప్పటికీ గీసిగీసి బేరమాడుతుంది. అందరి గీతలూ దాటాడు. అందరికీ మాట ఉంది.

గీతలమ్మ గీతను పక్కన పెట్టి, పంతులమ్మ ఫోటోలో కింద ఉన్న పోగుల్ని పైకి తెచ్చింది. పోగుల కట్ట ఒకచోట, తాను గీసిన గీత దానికి కాస్త ఎడంగా ఇంకోచోట. మధ్యలో సన్నటి ఖాళీ. సర్జను కోసింది ఆ ఖాళీని. కట్టను ముట్టుకోలేదు.

ఆ ఖాళీ పేరు గట్టు. ఆమెకు పని నేర్పిన పెద్దావిడ పెట్టిన పేరు. కాలువ అంచునే గియ్యకు, గట్టు వదిలి గియ్యి, నడిచేవాడు జారినా కాలువలో పడకూడదు అనేది. ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరూ చెప్పమనలేదు, గీతలమ్మ ఎవరికీ చెప్పలేదు. చెయ్యి దానంతట అదే గట్టు వదిలేది. ఆయనా ఎప్పుడూ అడగలేదు. అడగకుండానే ఆ చేతులు కనిపెట్టాయి. గట్టు మందం ఎంతో తెలుసుకుని, గట్టు కింద దాక్కున్న ఆఖరు గడ్డ ముక్కను గీరి తీసుకుంటూ వచ్చాయి. ఇన్నేళ్లూ ఒకరికొకరు మాట చెప్పుకోకుండా ఇద్దరూ బేరమాడుకుంటూనే ఉన్నారు.

అన్న ఫోటో తెరిచింది. తెరవకముందే తెలుసు. పోగుల కట్టకు గీత తడిబట్టలా అతుక్కుని ఉంది. గట్టు లేదు.

ఆ రోజు చెయ్యి గట్టు వదలబోతే తానే ఆపింది. గట్టు వదిలితే దాని కింద గడ్డ ముక్క మిగిలిపోతుంది, మిగిలితే మళ్లీ మొలుస్తుంది, అన్నకు ఆ గండం ఉండకూడదు. వెంట్రుక కూడా వదలకుండా, కాలువ అంచు మీదే గీసింది. ఆయన గీత దగ్గర ఆగుతాడని అనుకుంది. ఆయన గట్టు ఉందని అనుకున్నాడు. ఎప్పటిలాగే ఒక్క గింజ కోశాడు.

తేమ యంత్రం గుర్రుమని ఆగింది. నిన్న వదిన చెప్పిన క్యాబేజీల ముసలాయన ఆమెకు గుర్తొచ్చాడు, ఇది నిజమని ముందు చెప్పకుండా నిజం చెప్పినవాడు. డబ్బా మూత తియ్యలేదు.

చాలాసేపటికి లేచి పాత ఫోటోలన్నీ ఒక్కొక్కటే మూసి, పెట్టెలు ఎక్కడివక్కడ సర్దింది. అన్నది మాత్రం ఉంచుకుంది. న్యాయం ఏమిటో ఆ మధ్యాహ్నమే తెలిసిపోయింది. పగ మాత్రం తెలిసినా వినే రకం కాదు. గీత తప్పన్నాడు. గీత తప్పు కాదు. తనను నేలమాళిగలోకి తోయించాడు. ఆ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, వాటి మీద నిలబడింది. కిందికి చూడలేదు.

*

గురువారం హాల్లో కుర్చీలన్నీ నిండాయి. పెద్ద సర్జను అన్న ఆపరేషన్ గురించి పొడిపొడిగా నాలుగు మాటలు చెప్పి, గీసిచ్చిన మ్యాపులో లోపం వల్ల జరిగిందని ముగించాడు. అధికారి తల ఊపి తర్వాతి కాగితం అందుకోబోయాడు. గీతలమ్మ లేచి, ఒక ఫోటో చూపించాలంది. తీగ తగిలించింది. గొయ్యి, గీత, గీత లోపలికి పొడుచుకొచ్చిన గింజ వెడల్పు నలుపు, తెర నిండా వచ్చి నిలిచాయి. గీత పోగుల మీదే ఉందని, దాటింది కత్తి అని చెప్పి పక్కకు తప్పుకుంది. రెప్ప వెయ్యకుండా ఆయన ముఖం చూసింది.

ఆమె ఊహించుకున్న రకాల్లో ఏదీ జరగలేదు. ఆయన కోప్పడలేదు, తడబడలేదు. లేచి తెర దగ్గరికి నడిచాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగాడు. వేలు ఎత్తి, తెరను తాకకుండా, గీత వెంబడి విల్లంతా నడిపించాడు. ఒక చోట వేలు గీతకూ పోగులకూ మధ్య దూరబోయి, చోటు లేక ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి నడిపించాడు. మళ్లీ అక్కడే ఆగింది.

అప్పుడు ఆమె వైపు తిరిగాడు. ఇద్దరి మధ్యా చేతికర్ర దూరం కూడా లేదు. పెదవులు కదిలీ కదలనట్టు, ఆమెకు తప్ప వినబడకుండా అడిగాడు.

"గట్టు ఏదమ్మా?"

ఆ మాట ఆమె ఆయన ముందు ఎన్నడూ అనలేదు. ఆయనకూ ఆ పేరే తట్టిందో, ఆ పెద్దావిడ దగ్గర ఆయనా ఎప్పుడో విన్నాడో. గీతలమ్మ నోరు తెరిచింది. ఆయన ఎదురుచూశాడు, ఆపరేషన్ బల్ల దగ్గర చెయ్యి చాపి పనిముట్టు కోసం ఆగినట్టు, తొందర లేకుండా. ఏదీ చేతిలో పడలేదు.

ఆయన కళ్లజోడు కిందికి దించుకుని జనం వైపు తిరిగాడు. గీత సరిగ్గానే ఉందని, దాటింది తానేనని చెప్పాడు.

"ఎందుకు దాటారు?" అన్నాడు అధికారి.

"అలవాటు," అన్నాడు సర్జను.

వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ గాల్లో ఉండే ఆ చేతుల్ని మోకాళ్ల మీద బోర్లించి పెట్టుకున్నాడు, ఇంకెవరివో తన దగ్గర దాచి వెళ్లినట్టు. హాలంతా గుసగుసలు రేగాయి. అధికారి పక్కవాళ్లతో తల కలిపి మాట్లాడి, విచారణ తేలేదాకా ఆయన తల ఆపరేషన్లు చెయ్యడానికి లేదని, గీతలమ్మ సోమవారం నుంచి పై అంతస్తులో తన పాత గదికి వెళ్లొచ్చని ప్రకటించాడు. వెనక వరసలోంచి అయస్కాంతం బొటనవేలు ఎత్తి చూపించాడు.

"ఇంకెవరైనా ఏమైనా చెప్పాలా?" అని అధికారి హాలు నలుమూలలా చూశాడు. ఆయన చూపు ఆమె మీద కూడా ఆగింది, మిగతావాళ్ల మీద ఎంతసేపు ఆగిందో అంతసేపే.

గీతలమ్మ వంగి తీగ ఊడదీసింది. తెర తెల్లగా అయిపోయింది.

*

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. మబ్బు అలాగే ఉంది, కురవలేదు, పోలేదు. కబురు ఆమె కంటే ముందే వచ్చింది. అయస్కాంతం ఫోను చేసి ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పాడట. వదిన ఆ రోజు పొయ్యి మీద రెండు గిన్నెలు ఎక్కువ పెట్టింది. ముఖంలో ఎన్నాళ్లనుంచో లేని కళ.

"ఒక్క ముక్క మాట్లాడలేకపోయాడటగా. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడట. చేసిన చేతులకు అలాగే కావాలి." కంచాలు పెడుతూ ఇంకేమిటి, ఇంకేమిటి అని అడిగింది. ముఖం ఎలా పెట్టాడో చెప్పమంది.

అన్న మాత్రం అడగడం లేదు. బల్లకు అటువైపు కూర్చుని చెల్లెలి ముఖం చూస్తున్నాడు. పెట్టె ఎక్కి నిలబడ్డప్పటి చూపు అది. కనుబొమ్మ కదిలిందా, చెవి గోక్కుందా, లోపల ఎంత ఉంది, బయటికి ఎంత చెబుతోంది.

"కాస్త కూర్చో వదినా," అంది గీతలమ్మ.

వదిన కూర్చోలేదు. గరిటె పట్టుకుని నిలబడే వింది. గీతలమ్మ పంతులమ్మ దగ్గర మొదలుపెట్టింది. గట్టు సంగతి చెప్పింది, గింజ సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ కంచం అంచును వేలితో రుద్దుతూనే ఉంది.

"అందరికీ గట్టు వదిలాను. అన్నయ్యకి వదల్లేదు. వదల్లేదని ఆయనకి చెప్పలేదు."

గరిటె లోంచి ఒక బొట్టు బల్ల మీద పడింది. ఇంకొకటి పడింది.

"ఆయనకి తెలుసా?" అంది వదిన. అంతదాకా 'వాడు' అంటూ వచ్చిన ఆమె నోట మొదటిసారి 'ఆయన' వచ్చింది.

"ఇవాళ హాల్లో తెలిసింది."

"అక్కడ చెప్పాడా?"

"లేదు."

"మరి నువ్వో?"

గీతలమ్మ కంచంలోకి చూసింది.

వదిన అలాగే నిలబడి ఉంది. ముఖంలో కళ ఎక్కడిదక్కడ ఆరిపోయింది. ఆ చేతిలో గరిటె ఎటు తిరుగుతుందో తెలియని ఒక క్షణం గడిచింది. తర్వాత గిన్నెలో ముంచి, మొగుడి కంచంలో వడ్డించింది. తన కంచంలో వేసుకుంది. ఆఖరున ఆడపడుచు కంచంలో కూడా వేసింది, ముఖం చూడకుండా, గరిటె గట్టిగా విదిలించి.

అన్న చూపుడువేలు మడిచాడు. కణుపుతో బల్ల మీద కొట్టాడు, ఒకటి.

ఇద్దరు ఆడవాళ్లూ తలెత్తారు.

మళ్లీ కొట్టాడు, రెండు.

వేలు పైకి లేచింది. మూడోదాని కోసం ఇద్దరూ ఆ వేలి వంకే చూస్తున్నారు. అన్న చెల్లెలి కళ్లలోకి చూస్తూ దాన్ని అలాగే గాలిలో ఉంచాడు, గుంపులో ఎవరో ఇంకా నోరు తెరవాల్సి ఉన్నట్టు. అప్పుడు వేలు విప్పి, చేతిని మెల్లగా కంచంలో పెట్టి, ముద్ద కలిపాడు.

వదిన కూర్చుంది. గీతలమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.